శైలజకి తెలిసిన సంగతి

గంగుపేట బడిలో పిల్లలు పంతొమ్మిది మంది, టీచర్లు ఇద్దరు. హెడ్మాస్టరు జగన్నాధం గారికి అరవై నిండాయి. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. రెండో టీచరు శైలజ, రోజూ పాతపట్నం నుంచి ఆటోలో వచ్చిపోతుంది. ఆ బడిలో చేరిన రోజున ఆమె మొదట ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, ఆ తర్వాతే రిజిస్టర్లో సంతకం చేసింది. ఇరవై రెండేళ్ళ కిందట, వేరే ఊళ్ళో, ఆమె చేత అక్షరాలు దిద్దించింది ఆయనే. ఐదో తరగతి కాగానే చదువు మానిపించేస్తానని తండ్రి అంటే, వాళ్ళ అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, అతని చేత సరేననిపించుకునే లేచిందీ ఆ మాస్టారే.

ఆగస్టులో ఒక ఆదివారం ఆయన భార్య శైలజకి ఫోన్ చేసింది.

"శ్రీకాకుళం తీసుకెళ్ళి చూపించానమ్మా. మతిమరుపు జబ్బని తేల్చేరు. మందులు వాడినా పెరగడమే గానీ తగ్గడం ఉండదట. ఇంట్లో కూర్చోమంటే వినటం లేదు. బడి లేకపోతే మరీ పాడైపోతానంటున్నారు. నువ్వే కాస్త కనిపెట్టుకోవాలి. ఎవరితోనూ అనకమ్మా."

శైలజ మాటిచ్చింది. అప్పటినుంచీ ఆయన తప్పు తేదీ వేస్తే దిద్దేది. పిల్లల పేర్లు తడబడితే పక్కనుంచి అందించేది. ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు.

నవంబరులో పైనుంచి ఆర్డరు వచ్చింది. వారం రోజులు పుస్తకాలు పక్కన పెట్టి, పిల్లల చేత రోజుకొక పని చేయించాలి. సోమవారం కథలు, మంగళవారం మట్టిబొమ్మలు, బుధవారం ఆటలతో లెక్కలు, గురువారం పొలం చూడటం, శుక్రవారం పాటలు, శనివారం తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. ఏరోజు ఫొటోలు ఆరోజు సాయంత్రం నాలుగు లోపల పంపించాలి.

సోమవారం మాస్టారు ఏనుగు మీద అలిగిన చీమ కథ చెప్పారు. చీమ గొంతుకి ఒక గొంతు, ఏనుగుకి ఒక గొంతు పెట్టి చెబుతుంటే ఒకటో తరగతి వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. కథ అయ్యింది. ఆయన బయటికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చి, కుర్చీలో కూర్చుని, చేతులు రుద్దుకుంటూ, "ఇవాళ మీకో మంచి కథ చెప్తాను. అనగనగా ఒక చీమ" అని మొదలుపెట్టారు.

పిల్లలు అదేదో ఆటనుకుని పకపకా నవ్వారు. నాలుగో తరగతి బాబీ లేచి నిలబడ్డాడు.

"సార్, ఇది ఇప్పుడే సెప్పేసినారు కదేటి!"

మాస్టారు చేతులు రుద్దుకోవడం ఆపేశారు. వాడివైపు, శైలజ వైపు మార్చిమార్చి చూశారు. శైలజ చప్పున అందుకుంది.

"ఎవరికి ఎంత గుర్తుందో చూద్దామని సార్ మళ్ళీ అడుగుతున్నారు. చీమ ఎందుకలిగింది? చెప్పు బాబీ."

ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందా అని ఇంటికెళ్ళేటప్పుడు ఆటోలో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మంగళవారం మాత్రం ఆయన పాత మాస్టారే. చెరువు మట్టి తెప్పించి, తొక్కించి, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లల వేళ్ళు పట్టుకుని ఎద్దులు చేయించారు. మూపురం దగ్గర బొటనవేలితో ఎలా నొక్కాలో, కొమ్ములు విరక్కుండా ఎలా అతకాలో ఒక్కటీ మర్చిపోలేదు. రెండో తరగతి అమ్మడు చేసిన ఎద్దుకి తోక మరీ పొడుగైపోతే, "ఇది మీ మామ్మ జడలాగుందే" అని నవ్వించారు. అది చూసి శైలజ, డాక్టర్లు ఏదో పొరబడ్డారేమో అనుకుంది. రెండేళ్ళు ఇలాగే లాక్కొచ్చెయ్యొచ్చనుకుంది.

బుధవారం చింతపిక్కలు కుప్పలు పోసి ఎక్కాలు. తొమ్మిదో ఎక్కం మాస్టారు పైకి చెబుతుంటే పిల్లలు కుప్పలు పెట్టాలి. తొమ్మిది ఆరుల దగ్గర ఆయన ఆగారు. మళ్ళీ మొదటినుంచి చెప్పి మళ్ళీ అక్కడే ఆగారు. మూడోసారి పిల్లలే "యాభై నాలుగు!" అని అరిచారు. ఆయన లేచి వరండా చివరికి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డారు. శైలజ పిల్లలకి పని చెప్పి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ముప్పై ఏడేళ్ళు చెప్పేనమ్మా ఆ ఎక్కం" అన్నారు. "నిద్దట్లో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అక్కడికెళ్ళేసరికి ఏమీ లేదు. గొయ్యి."

"సెలవు పెట్టండి సార్. నేను చూసుకుంటాను."

"పెడితే మళ్ళీ రాను. అది నాకు తెలుసు." ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. "ఎవరితోనూ చెప్పకు తల్లీ. ఇక్కడున్నంతసేపూ నేను మనిషిని."

"చెప్పను సార్" అంది శైలజ.

గురువారం పొద్దున్న పొలానికి తను వెళ్ళాలనీ, ఆయన్ని బడిలో ఉంచాలనీ ఆమె ముందే అనుకుంది. కానీ ప్రార్థన కాకుండానే ఫోన్ వచ్చింది. పదకొండు గంటలకల్లా భోజనాల లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించాలట. ఆ పని ఆయన వల్ల కాదు. అప్పటికే మాస్టారు తలకి తువ్వాలు చుట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. రెండు నుంచి ఐదో తరగతి దాకా పదిహేను మంది ఆయన చుట్టూ గెంతుతున్నారు.

పొలం రేపు పెట్టుకుందామండీ అని ఆమె అనొచ్చు. లెక్కలు ఆలస్యంగా పంపినా కొంప మునిగేది కాదు. కనీసం ఐదో తరగతి హేమని పిలిచి, ఎంతమందిని తీసుకెళ్తున్నారో అంతమందీ తిరిగొచ్చారో లేదో చూడమనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆయన వింటే ఏమనుకుంటారో అని మింగేసింది.

"జాగ్రత్త సార్" అంది, అంతే.

"ఈ పొలాలు నాకు కొత్తా?" అని ఆయన నవ్వుతూ బయల్దేరారు.

పన్నెండున్నరకి పాటలు పాడుకుంటూ వచ్చారు. కాళ్ళకి బురద, జేబుల నిండా ఉసిరికాయలు. చేతులు కడుక్కుని వరసల్లో కూర్చున్నారు. వంట చేసే అసిరమ్మ అన్నం పప్పు వడ్డించి, ఒక్కొక్క కంచంలో ఒక్కొక్క గుడ్డు వేసుకుంటూ చివరికి వచ్చి ఆగిపోయింది.

"అదేటి, గుడ్డు మిగిలిపోనాది? పంతొమ్మిదీ ఉడకేసినాను కదా. ఎవులు రాలేదు?"

శైలజ వరసలవైపు చూసింది. లెక్కపెట్టక్కర్లేకుండానే తెలిసిపోయింది. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉసిరికాయ కొరుకుతున్నారు.

"సార్, అమ్మడేదండీ?"

ఆయన మర్యాదగా తలెత్తి చూశారు. "ఏ అమ్మడు?"

హేమ కంచం ముందునుంచి లేచింది. "సెప్పు బురదలో ఉండిపోనాదని ఎనక్కెళ్ళినాది టీచర్. నాను సార్‌కి సెప్పినాను. వస్తాదిలే, పదండి అన్నారు."

శైలజ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. అసిరమ్మ కేక వేస్తే వరి కోతల్లో ఉన్న మగవాళ్ళు కొడవళ్ళు పడేసి వచ్చారు. మళ్ళు వెతికారు, ఉసిరి చెట్లు వెతికారు. బురదలో చిన్న చెప్పు ఒకటి కనిపించింది. అమ్మడి మామ్మ మరిడమ్మ ఆ చెప్పు చూసి గట్టు మీదే కూలబడిపోయింది. అమ్మడి తల్లిదండ్రులు విశాఖపట్నంలో మేస్త్రీ పనికెళ్ళారు. పిల్లని సాకేది ఆవిడే.

దాదాపు మూడు గంటలకి అమ్మడు పొలాలవతల పారే గెడ్డలో దొరికింది. ఒంటరిగా వస్తూ దారి తప్పి, తూము మీదనుంచి జారి కింద రాళ్ళ మీద పడింది. మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని ఉంది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర వెనక్కి తిరిగిపోయింది. ఏడవటం లేదు. ఎంత పిలిచినా పలకటం లేదు. ఎవరో ఎత్తుకోబోతే అప్పుడు అరిచింది. ఆ అరుపుకి మరిడమ్మ చెవులు మూసుకుంది.

ఆటోలో పాతపట్నం, అక్కణ్ణుంచి శ్రీకాకుళం తీసుకెళ్ళారు. శుక్రవారం పొద్దున్నే ఆపరేషన్ చేసి కడ్డీలు వేశారు. ఆ రోజు బడికి తొమ్మిది మంది పిల్లలొచ్చారు. ఎవరూ పాటలు పాడలేదు. మాస్టారు రాలేదు. నాలుగవుతుంటే ఫోన్ మోగింది. మీ బడి ఫొటోలు ఇంకా రాలేదని ఎవరో అడిగారు. శైలజ సమాధానం చెప్పకుండా పెట్టేసింది.

శనివారం ప్రదర్శనకి రావాల్సిన తల్లిదండ్రులు గొడవకి వచ్చారు. విశాఖపట్నం నుంచి అమ్మడి తండ్రి గిరిబాబు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాస్టారు భార్యతో కలిసి ఆటో దిగి, ఉతికిన చొక్కాతో వచ్చి అందరి ముందూ నిలబడ్డారు. ఎవరూ అడక్కుండానే చెప్పేశారు.

"నాకు జబ్బుంది. మర్చిపోతున్నాను. పిల్లని మర్చిపోయి వచ్చేశాను. తప్పు నాది. ఇంక ఈ బడికి రాను."

కోపంతో వచ్చినవాళ్ళకి ఏమనాలో తోచలేదు. వాళ్ళలో సగం మందికి ఒకప్పుడు ఇదే బడిలో చదువు చెప్పింది ఆయనే. గిరిబాబు మాత్రం శైలజ వైపు తిరిగాడు.

"పంతులమ్మా, నువ్వు రోజూ పక్కనే ఉంతావు. సార్‌కి ఇలగున్నాదని నీకు తెలుసా, తెలీదా? అది సెప్పు."

శైలజ మాస్టారి వైపు చూసింది.

"ఆ అమ్మాయికేం తెలుసు బాబూ" అన్నారు మాస్టారు. "నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు."

గిరిబాబు ఇంకో క్షణం చూసి మొహం తిప్పుకున్నాడు. శైలజ తల వంచుకుని ఉండిపోయింది. ఆమెని కాపాడటానికి ఆయన అలా అన్నారో, వరండాలో చేతులు పట్టుకున్న సంగతి నిజంగానే మర్చిపోయారో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు. మాస్టారి భార్య శైలజని చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఆదివారం శైలజ ఉండలేక శ్రీకాకుళం బస్సెక్కింది. ఆసుపత్రిలో అమ్మడు పిండికట్టుతో పడుకుని ఉంది. టీచర్ని చూడగానే మామ్మ కొంగులోకి మొహం దాచేసుకుంది. శైలజ పళ్ళ సంచీ కింద పెట్టి, మరిడమ్మని వరండాలోకి పిలిచి అంతా చెప్పింది. ఆగస్టు ఫోన్, చీమ కథ, ఎక్కం, గురువారం పొద్దున్న నోట్లోనే మింగేసిన మాట.

మరిడమ్మ గోడకి ఆనుకుని చివరిదాకా విన్నది.

"అయితే తెలిసే పంపినావన్నమాట."

"తెలిసే పంపాను."

"నిన్న అందరూ ఉన్నప్పుడు సెప్పలేదేటి?"

శైలజ గుమ్మంలోంచి అమ్మడి కట్టువైపు చూసింది.

"సెయ్యి పూర్తిగా సాపుగ రాదని డాక్టరు సెప్పినాడు" అంది మరిడమ్మ. గొంతు పెంచలేదు. "సార్ మీద నాకు కోపం లేదు. ఆయన బుర్ర ఆయన సేతుల్లో లేదు. నీ బుర్ర బాగానే ఉన్నాది కదమ్మా. ఇప్పుడు నాకెందుకు సెప్పినావు? నీ గుండె తేలికవ్వాలనా? తేలికైతే ఎల్లు."

పళ్ళ సంచీ తెచ్చి ఆమె చేతిలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం విచారణకి వచ్చిన అధికారికి శైలజ జరిగింది జరిగినట్టు రాసిచ్చింది. అతను చదివి, "ఇది రాయకపోతే మీ మీదకి రాదు కదమ్మా, ఆలోచించుకోండి" అని కాగితం తిరిగి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. నెల తిరక్కుండా మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆపేశారు. భర్త జబ్బు సంగతి కాగితం మీద పెట్టిందని మాస్టారి భార్య ఆమె ఫోన్ ఎత్తడం మానేసింది. గిరిబాబు పిల్లనీ మరిడమ్మనీ తనతో విశాఖపట్నం తీసుకెళ్ళిపోయాడు. ఇంకో ఆరుగురిని ప్రైవేటు బడి వ్యానెక్కించారు. హెడ్మాస్టరుగా ఎవరినీ వెయ్యలేదు. మిగిలిన పన్నెండు మందికీ శైలజ ఒక్కతే చదువు చెప్పింది. ఆ ఏడాది ఆ పిల్లలు మళ్ళీ గేటు దాటి పొలానికి వెళ్ళలేదు.