మూడో సంతకం

చొక్కా గుండీ ఊడితే సూదీ దారం కోసం మా ఆవిడ డబ్బా తీశాను. ఆవిడ పోయి నాలుగేళ్లయినా అందులో వస్తువుల వరస మార్చలేదు. దారపు ఉండల మధ్య ఎర్ర గోళ్ల రంగు సీసా కనిపించింది. చేతిలోకి తీసుకోగానే, ఎవరికీ చెప్పకుండా వదిలేసిన ఒక పని గుర్తొచ్చింది.

అది ఎన్నో ఏళ్లు నా పనిముట్ల సంచిలో ఉండేది. మూడు నెలల క్రితం పని మానేసిన రోజున తిరిగి ఆవిడ డబ్బాలో పెట్టాను.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మోకాళ్లు మొరాయించాక, ఏడు భవనాల ఒప్పందాలనూ మా అక్క కొడుక్కి రాసిచ్చేశాను. వాడికి కంపెనీ ఉంది, యూనిఫాం వేసుకున్న మనుషులున్నారు. ఇకమీదట నా హక్కులూ బాధ్యతలూ వాడివేనని ఒక్కోదానికీ ఒక్కో బదిలీ పత్రం. వాటిలో ఒకటి ఎముకల ఆసుపత్రిది.

ఆ లిఫ్టు పాతది. బ్రేకు స్ప్రింగును పట్టి ఉంచే నట్టు అదురుకి వదులవుతూ ఉండేది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందుకని నెలనెలా వెళ్లి నట్టును పావు చుట్టు బిగించి, దాని మీదుగా కడ్డీ దాకా గోళ్ల రంగుతో గీత గీసేవాణ్ణి. గీత విరిగిందంటే నట్టు కదిలినట్టే. ఒప్పందంలో పన్నెండు పనులు రాసి ఉన్నాయి. ఈ పదమూడోది ఎక్కడా లేదు. చేతికి అలవాటైన పనిని నోటితో చెప్పాలని తోచదు. మేనల్లుడికి చెప్పలేదు.

వెంటనే వాడికి ఫోన్ చేశాను.

"బ్రేకు పరీక్షించాలని ఒప్పందంలో ఉంది మావయ్యా, పరీక్షిస్తున్నాం. నట్టు బిగించాలని లేదుగా?" అన్నాడు. సంగతి చెప్పాక వాడి గొంతు మారింది. "నేను ఊరికి ఆ చివరున్నాను. గంట పడుతుంది. ఆసుపత్రి మేనేజరమ్మకి ఫోన్ చేస్తూనే ఉంటాను. నువ్వు కంగారుపడకు."

గోళ్ల రంగు సీసాను పాత సంచిలో వేసుకుని, బదిలీ పత్రం తీసుకుని స్కూటర్ ఎక్కాను. పక్కింటి వకీలు అన్న మాట చెవిలో మోగుతోంది. "హక్కు నీది, ఎవరికైనా ఇచ్చుకో అన్నయ్యా. బాధ్యత అలా కాదు. అవతలివాళ్లు సరేనంటేనే నీ నెత్తి మీంచి దిగుతుంది." పత్రం మీద మూడు సంతకాలు ఉండాలి. నాదీ, మేనల్లుడిదీ ఉన్నాయి. ఆసుపత్రి మేనేజరమ్మ మాత్రం రేపు, ఎల్లుండి అంటూ మూడు నెలలు లాగింది. ఏదైనా జరిగితే నిలదీసేది నన్నే. ఆ భయం లేదనను. కానీ దారి పొడుగునా నా కళ్ల ముందు కదిలినవి చక్రాల కుర్చీలు.

ఆసుపత్రి కాపలా మనిషిని అందరూ పహిల్వాన్ అంటారు. ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు.

"యూనిఫాం లేనిదే మోటారు గదిలోకి ఎవర్నీ పంపొద్దన్నారు పెద్దాయనా. మీరు ఎవరికో ఇచ్చేశారుగా!"

అంతలో లిఫ్టు కిందికొచ్చి తలుపు తెరుచుకుంది. నేలకి నాలుగు వేళ్ల కిందికి దిగి ఆగింది. లోపలున్నావిడ తడబడి, గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"వారం నుంచీ ఇదే వరస. దీనికీ మోకాళ్లు అరిగినట్టున్నాయి," అని నవ్వాడు పహిల్వాన్.

నేను అడ్డం వెళ్లేలోపే తలుపు మూసుకుంది. పైనెవరో పిలిచారు. జేబులోని పత్రం తీశాను.

"దీని మీద మీ మేడమ్ సంతకం ఉందా?"

"లేదు."

"అయితే ఆ లిఫ్టు ఇంకా నాదే. తాళంచెవి ఇవ్వు."

మూడు నెలలు నన్ను కలవరపెట్టిన ఆ ఖాళీ చోటే ఇప్పుడు నాకు దారిచ్చింది. పహిల్వాన్ నా మొహం చూసి తాళంచెవి చేతిలో పెట్టాడు. పైగా సంచి తనే అందుకున్నాడు. అంతస్తు అంతస్తుకీ "ఎక్కొద్దు, ఎక్కొద్దు" అని అరుస్తూ నాలుగో అంతస్తు దాకా మోసి, నన్ను మోటారు గది దగ్గర వదిలి మళ్లీ కిందికి పరుగెత్తాడు.

తాళం తీస్తుండగా పహిల్వాన్ కేక వినిపించింది. "మూడో అంతస్తులో ఎక్కేశారు పెద్దాయనా! కుర్చీలో ముసలాయన, పక్కన కూతురు!"

మోటారు తిరుగుతోంది. ఎర్ర గీత రెండు ముక్కలై, చెరో పక్కకి పోయింది. నట్టు కడ్డీ చివరి రెండు మరల మీద వేలాడుతోంది. కరెంటు ఆపితే బరువంతా ఆ బ్రేకు మీదే పడుతుంది. ఆపకపోయినా లిఫ్టు నిలవాల్సింది దానితోనే. స్పానర్ అటో ఇటో జారితే నట్టు ఊడి కింద పడుతుంది. చెమట పట్టిన చెయ్యి చొక్కాకి తుడుచుకుని, నట్టుకి స్పానర్ తగిలించి తిప్పాను. సగం చుట్టు. ఇంకో సగం.

మోటారు ఆగింది. బ్రేకు కీచుమంది. లిఫ్టు తాళ్లు మోసే చక్రం ఇంకా జారుతోంది. ఒక జానెడు జారి, చక్రం నిలిచింది. కరెంటు మీట కిందికి లాగేశాను.

కాసేపు ఏ చప్పుడూ లేదు. అంత పొడుగు కాసేపు నా బతుకులో రెండోసారి. మొదటిది మా ఆవిడ మంచం పక్కన.

"దిగారు పెద్దాయనా! కుర్చీ ఎత్తి బయట పెట్టేశాం! ముసలాయన నన్నే తిడుతున్నాడు!"

అంత కమ్మగా వినిపించిన తిట్టు లేదు. అలాగే నేల మీద కూలబడ్డాను. పహిల్వాన్ వచ్చి తన సీసాలోని నీళ్లు మూతలో పోసి తాగించాడు.

కాసేపటికి మేనేజరమ్మ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. వెనకే మా మేనల్లుడు.

"తప్పు నాదేనండీ, కాగితం నాన్చాను. ఇటివ్వండి, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. మీ భారం దిగిపోతుంది."

"ఇప్పుడొద్దమ్మా. కొత్త నట్టు చేయించి బిగించేదాకా లిఫ్టు కదలదు. ఈ పదమూడో పని కాగితం మీద రాసుకున్నాకే మీ సంతకం."

మేనల్లుడు గొంతుక్కూచుని విరిగిన గీతను వేలితో తడిమాడు. తలెత్తి అడిగాడు.

"మావయ్యా, మిగతా ఆరు చోట్లా సంతకాలన్నీ అయిపోయాయి. అక్కడ కూడా ఇలాంటివి ఉన్నాయా?"

నా చేతుల వైపు చూసుకున్నాను.

"గుర్తు లేదురా," అన్నాను. "యంత్రం ముందు నిలబడితే గుర్తొస్తుందేమో. పద, దగ్గర్లో ఉన్నదానితో మొదలుపెడదాం."

గోళ్ల రంగు సీసా వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని పైజేబులో జాగ్రత్తగా పెట్టుకుని, మెట్లు దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.