మగవాళ్ళ షరతులు కింద ఉన్నాయి

బెండకాయలు తరుగుతుండగా వీరభద్రరావు గారు ఫోన్ చేసి, పెళ్ళికూతుళ్ళకి గ్రేడ్లు పెట్టాలన్నారు. నా చేతులు జిగురుగా ఉన్నాయి. ఫోన్ పప్పుడబ్బాకి ఆనించి, మోచేత్తో స్పీకర్ నొక్కి, చెప్పండి అన్నాను.

వీరభద్రరావు గారికి పటమటలో పెళ్ళి సంబంధాల ఆఫీసుంది. బ్యాంకులో రిటైరయ్యాక పెట్టారు. కౌంటర్లో ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు కూర్చుంటారు. వచ్చినవాళ్ళ వయసు, చదువు, ఉద్యోగం, ఇంతకు ముందు పెళ్ళయిందా లేదా, అన్నీ కంప్యూటర్లో గడులు గడులుగా ఉంటాయి. వాటిలోంచి కావలసినవి బయటికి తీయడానికి ఎస్‌క్యూఎల్‌ అనే కంప్యూటర్ భాషలో క్వెరీలు రాసేది నేను. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఇదే పని ఆఫీసుకి వెళ్ళి చేసేదాన్ని. ఇప్పుడు ఇంట్లోంచి చేస్తాను. ఇంట్లోంచి చేసే పని పని కాదని మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. మా అత్తగారు చౌడేశ్వరమ్మ గారు చుట్టాలతో మాత్రం, "మా జ్యోతిర్మయి ఇంట్లోనే ఉంటుంది, ఊసుపోక కంప్యూటర్ చూసుకుంటుంది" అంటారు. మా ఆయన తేజేశ్వర్‌కి గవర్నర్‌పేటలో చీరల హోల్‌సేల్ షాపు. నువ్వు రాసేది ఇంతకీ ఏంటని ఒకసారి అడిగారు. షరతులు రాస్తానండీ అన్నాను. ఆ సంగతి నాకు పెళ్ళయిన వారానికే తెలిసిందని చెప్పి తనే నవ్వుకున్నారు. ఆ జోకుని షాపులో గుమాస్తాలకి కూడా చెప్పారట.

నేను చెప్పింది జోకు కాదు. గ్రేడ్లు పెట్టడమంటే అక్షరాలా షరతులు రాయడమే. కేస్ అని మొదలుపెడతాం. వెన్ అంటే ఇలా అయితే. దెన్ అంటే ఈ మాట వెయ్యి. ఏదీ కాకపోతే చివర్న ఎల్స్, అంటే మిగిలినవాళ్ళందరూ. కంప్యూటర్ పై వరస నుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. ఏ షరతు మొదట నిజమైతే అక్కడే ఆగిపోతుంది. కింద ఇంకెన్ని మంచి మాటలున్నా వాటి మొహం చూడదు. ఈ స్వభావం నాకు కొత్తేం కాదు. నా మొదటి పెళ్ళిచూపుల్లో అబ్బాయి తరఫు పెద్దాయన "పొట్టి" అన్న దగ్గర ఆగిపోయారు. నా ఎంసీఏ కింది వరసల్లో ఉండిపోయింది.

వీరభద్రరావు గారు ఒక్కొక్కటే చెబుతూ వచ్చారు. ఆడపిల్లకి విడాకులైతే "ప్రత్యేకం" అని పడాలి. ఇరవై తొమ్మిది దాటితే "ఆలస్యం". రాత్రి డ్యూటీలుంటే "ఆలోచించాలి". ఉద్యోగం గడిలో ఏమీ రాయకపోతే "ఖాళీ". ఈ మాటలు కౌంటర్లో తెర మీద కనపడితే ఎవరిని ముందు చూపించాలో సుందరి గారికి తేలికవుతుందట. మగపిల్లల సంగతి అడిగాను. వాళ్ళకీ ఉన్నాయమ్మా అన్నారు. ముప్పై అయిదు దాటితే "స్థిరపడినవారు". విడాకులైతే "అనుభవజ్ఞులు" అనబోయి, బాగుండదేమో, "మంచి సంబంధం" అని వెయ్యమ్మా అన్నారు. ఉద్యోగం గడి ఖాళీగా ఉంటే "సొంత వ్యాపారం".

బెండకాయ మధ్యలో కత్తి ఆగింది. రెండు గడులూ ఖాళీవే కదండీ, ఒకళ్ళు ఖాళీ, ఒకళ్ళు వ్యాపారం ఎలా అవుతారని అడిగాను.

"మగపిల్లాడు ఖాళీగా ఉన్నాడని మన చేతులతో మనం రాస్తే ఏం బాగుంటుందమ్మా?" అన్నారు. గొంతులో మోసమేమీ లేదు. అప్పుడే పుట్టిన పిల్లాడికి దిష్టి తగులుతుందేమోనన్నంత ప్రేమగా అన్నారు.

రాశాను. ఆడపిల్లల షరతులు పైన, మగపిల్లలవి కింద. ప్రతి షరతు ముందూ ఆడ అయితే, మగ అయితే అని ఒక మాట. బెండకాయ వేపుడు పొయ్యి మీద ఉండగానే పని అయిపోయింది. అత్తయ్య వచ్చి వేపుడు మాడుతోందని, ధ్యాసంతా ఎక్కడుందని అడిగారు. పెళ్ళికూతుళ్ళ మీదుందని చెప్పలేదు.

ఆ తర్వాతి వారం అత్తయ్యకి రేణుక పేరు కూడా ఆ ఆఫీసులో రాయించాలనిపించింది. రేణుక నా ఆడపడుచు. డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్. మచిలీపట్నం సంబంధం చేసుకుని, అక్కడ రెండేళ్ళు ఉండి, విడాకులు తీసుకుని వచ్చేసింది. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి, టిఫిన్ తిని, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటుంది. ఇంట్లో నన్ను నువ్వు తిన్నావా అని అడిగేది ఆ పిల్లొక్కతే. పేరు రాయిస్తామంటే కాదనలేదు. రాయించుకోండి, ఎలాంటివాళ్ళొస్తారో చూద్దామంది. "మనమ్మాయిది కాస్త పైన వచ్చేట్టు చూడు" అని అత్తయ్య నాకు చెప్పారు, రైల్లో కిటికీ సీటు సంపాదించమన్నట్టు.

నాకు ఏం జరుగుతుందో తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. చెప్పే ధైర్యం లేక కొంత, చూడాలని కొంత.

సుందరి గారు అత్తయ్యకే ఫోన్ చేశారు. ప్రత్యేకం కింద ఒక మంచి సంబంధం వచ్చిందన్నారు. ఏలూరాయన, భార్య పోయింది, యాభై ఆరు. వాళ్ళమ్మగారికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ తెలిసిన అమ్మాయి అయితే ఇంట్లోనే చూసుకోవచ్చు కదా అని ఆయన ఎంతో ముచ్చటపడ్డారట. రాత్రి మేలుకోవడం కూడా ఆ అమ్మాయికి అలవాటే కదా అన్నారట.

అత్తయ్య ఫోన్ పెట్టేసి, మంచినీళ్ళు తాగారు. అప్పుడే నిద్ర లేచి వచ్చిన రేణుక విషయం విని మొదట పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, "అమ్మా, ఆయనకి పెళ్ళాం అక్కర్లేదే, మిషన్ కావాలి. అద్దెకిస్తారేమో కనుక్కుంటానని చెప్పు" అంది. తర్వాత తల దువ్వుకుంటూ కిటికీ వైపు తిరిగింది. దువ్వెన చాలాసేపు ఒకే చోట ఆడింది.

అత్తయ్యకి కోపం అప్పుడొచ్చింది. విడాకులైతే మాత్రం పిల్ల ప్రత్యేకమేంటి, ముసలాళ్ళకి పడేసేదేంటి, అసలు ఈ షరతు రాసినవాడెవడు, వాడింట్లో ఆడపిల్లలు లేరా అని నన్నే అడిగారు.

"నేనేనత్తయ్యా" అన్నాను.

ఆవిడ నా వంక ఎలా చూశారంటే, ఇన్నేళ్ళుగా నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో చేస్తున్నానని ఆ క్షణానే నమ్మినట్టు చూశారు. నా ఉద్యోగానికి మా ఇంట్లో దొరికిన మొదటి గుర్తింపు అదే. తర్వాత గొంతు తగ్గించి, మరైతే మార్చేయమన్నారు. అందరికీ మారిస్తే వీరభద్రరావు గారికి కోపమొస్తుందేమో, మన రేణుక పేరుకి మాత్రం వేరేగా ఏదైనా రాయలేవా అని అడిగారు. రాయచ్చు. అన్నిటికన్నా పైన, ఈ నంబరు అమ్మాయి అయితే ఉత్తమం, అని ఒక్క వరస. కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. ఒక్క నిమిషం పని. నా వేళ్ళు ఆ వరస మొదలుపెట్టాయి కూడా.

"వదినా, నా ఒక్కదానికి రాశావంటే నేను పేరు తీయించేసుకుంటాను" అంది రేణుక. "నాలాంటివాళ్ళు ఆ కంప్యూటర్లో ఇంకెంతమంది ఉన్నారో!"

గొంతు పెంచలేదు. దువ్వెనలోంచి వెంట్రుకలు తీసి చుట్టుకుంటూ అంది. రాసిన సగం వరస చెరిపేశాను.

ఆ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక క్వెరీ తెరిచి చూస్తూ కూర్చున్నాను. నేను రాసిందే. ఒక్క తప్పు లేదు, ఒక్క కామా పొల్లుపోలేదు. హైదరాబాదులో మా టీమ్ లీడ్ చూస్తే మెచ్చుకునేవాడు. ఎంత చక్కగా రాశానో చూసుకుంటుంటే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నన్నెవరో ఏవో గడుల్లో పెట్టారని ఏడుస్తూ, గడులు కట్టే మేస్త్రీ పని నేనే చేస్తున్నాను. షరతులన్నీ తీసేద్దామా అనుకున్నాను. తీసేస్తే వీరభద్రరావు గారు మళ్ళీ పెట్టమంటారు. అప్పుడు తోచింది. ఆయన షరతుల్లో ఒక్కటీ తీయనక్కర్లేదు. పై నాలుగింటిలోనూ "ఆడ అయితే" అన్న మాట ఒక్కటి తీసేశాను. మగవాళ్ళ షరతులు కింద ఎక్కడున్నవి అక్కడే, భద్రంగా, ఉంచాను. లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను. నా ఒక్కదానికే పెట్టుకున్నాను.

సోమవారం ఆఫీసు తెరిచేసరికి కంప్యూటర్ తన పని తాను చేసింది. పెళ్ళికొడుకులు పై నాలుగు వరసల్లోనే ఒక్కొక్కరుగా చిక్కుకున్నారు. స్థిరపడినవారు అన్న గ్రేడు దక్కినవాడు ఒక్కడూ లేడు. వీరభద్రరావు గారు ఫోన్లో అమ్మా, ఒకసారి రా అన్నారు. రమ్మన్న తీరుకి, ఇల్లు కాలిందేమో అనిపించింది.

బయల్దేరుతుంటే తేజేశ్వర్ ఎదురొచ్చారు. విషయం చెప్పాను. పెద్దాయనతో నీకెందుకు గొడవ, ఏదో పొరపాటైపోయిందని చెప్పేయమన్నారు. పొరపాటు కాదండీ అంటే, కాదని తెలుసు, అయినా అలా చెబితే ఆయన ఊరుకుంటాడన్నారు. మా ఆయన వ్యాపారమంతా అలాగే నడుస్తుంది, పాపం.

ఆఫీసులో ముగ్గురు తండ్రులు కూర్చుని ఉన్నారు. ఒకాయన కొడుకు రాత్రి షిఫ్టుల సాఫ్ట్‌వేర్. "ఆలోచించాలా? ఏం ఆలోచించాలండీ మావాడి గురించి?" అని అడుగుతున్నారు. ఇంకొకాయన కొడుకు డిగ్రీ అయ్యాక ఏం చేస్తున్నాడో ఆయనకే స్పష్టంగా తెలీదు. మొన్నటి దాకా ఈ ఆఫీసు తెర చూసే మావాడికి ఏదో వ్యాపారం ఉందనుకుంటున్నామని, ఇప్పుడు ఖాళీ అంటున్నారేంటని ఆయన బాధ. సుందరి గారు మాత్రం తెర నా వైపు తిప్పి, పెదవులు బిగపట్టుకుని, ఒక పేరు మీద వేలు పెట్టారు. ఉదయభాస్కర్, ముప్పై ఆరు. వాళ్ళబ్బాయే. పక్కన "ఆలస్యం" అని ఉంది.

వీరభద్రరావు గారు నన్ను లోపలి గదిలోకి పిలిచారు. సుందరి గారు పిలవకుండానే వచ్చారు.

"ఏం చేశావమ్మా?"

"షరతులన్నీ మీరు చెప్పినవేనండీ. ఒక్క మాట తీశాను."

"ఏ మాట?"

"ఆడ అన్న మాట."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. నా కొడుకుని పట్టుకుని ఆలస్యం అని రాస్తావా అన్నారు. నాకు జాలేసింది. అందుకే ఉన్న సంగతి చెప్పాను. వయసు షరతు పైనుండబట్టి అక్కడ ఆగిందండీ, ఇంకో రెండు వరసలు దిగితే ఉద్యోగం గడి చూసి ఖాళీ అని పడేదన్నాను. ఓదార్పుగానే అన్నాను. సుందరి గారికి పొలమారింది. కొంగుతో మూతి తుడుచుకుని, "ఆ పిల్లన్నదాంట్లో తప్పేముందండీ? వాడు రెండేళ్ళుగా ఖాళీయే కదా. నేనే చెబుదామంటే మీరు చెప్పనివ్వలేదు" అన్నారు.

వీరభద్రరావు గారు ఆ మాట విననట్టే, పాతది ఎప్పట్లా పెట్టెయ్యమన్నారు. పెట్టనన్నాను. ఉంటే అందరికీ ఉంటాయి, లేకపోతే ఎవరికీ ఉండవు, ఇంకోలా కావాలంటే ఇంకెవరినైనా చూసుకోండన్నాను. ఆ మాట బస్సులో అనుకుంటూ వచ్చిందే. సుందరి గారు మొగుడి వైపు చూడకుండా, ఎవరికీ వద్దులే, వయసూ చదువూ కనపడుతూనే ఉంటాయి, ఎవరికి వాళ్ళు చూసుకుంటారు, ఇన్నాళ్ళూ ఆ మాటలు పైకి చదవలేక నేనే చచ్చిపోతున్నానన్నారు. అలా గ్రేడ్లు పోయాయి. వీరభద్రరావు గారు నాతో ఆ వారమంతా ఫోన్లో మాట్లాడకుండా మెసేజీలే పెట్టారు. వాటి చివర్న నమస్కారం మాత్రం మానలేదు.

తర్వాతి ఆదివారం రేణుకకి సెలవు. భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, వదినా, ఈసారి షరతులు నేను చెబుతాను, రాయి అంది. రాత్రి డ్యూటీకి అభ్యంతరం ఉండకూడదు. నలభై దాటకూడదు. వంట వచ్చి ఉండాలి. రాసి నొక్కాను. ఒక్క పేరూ రాలేదు. సోఫాలో పడుకున్న తేజేశ్వర్ కళ్ళు తెరవకుండా, వంట తీసెయ్, బోలెడంతమంది వస్తారన్నారు. రేణుక తీయనంది. ఎవరూ రాకపోతే ఎవరూ వద్దంది. దుఃఖంగా కాదు, పండగకి సెలవు దొరికినదానిలా అంది.

ఇదంతా వింటూ అత్తయ్య కుర్చీ లాక్కుని దగ్గరికొచ్చారు. ఆవిడది పెడన. పదిహేనో ఏట పెళ్ళి. ఇద్దరు నాన్నలూ నూలు కొనడానికి వెళ్ళి, తిరిగొస్తూ దారిలో మాట ఇచ్చేసుకున్నారట. మావయ్య అంకమ్మరావు గారు పోయి చాలా కాలమైంది. మంచాయనే అని అందరూ చెబుతారు. అత్తయ్య కూడా చెబుతారు.

"నాకూ ఒకసారి వేసి చూడవే" అన్నారు.

తేజేశ్వర్ లేచి కూర్చున్నారు. నీకేంటమ్మా ఈ వయసులో అని నవ్వారు.

"వచ్చేవాడి కోసం కాదురా. ఎంతమంది మిగులుతారో చూద్దామని."

మొదటి షరతు చెప్పండత్తయ్యా అన్నాను. ఆవిడ తెల్లటి తెర వైపు చూస్తూ ఆలోచించారు. వంట అంటారనుకున్నాను. తాగుడు అంటారనుకున్నాను.

"ఇష్టమేనా అని నన్ను అడిగినవాడై ఉండాలి" అన్నారు.

రేణుక తల్లి చెయ్యి పట్టుకుంది. తేజేశ్వర్ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాళ్ళ వైపు చూసుకున్నారు. నేను గడులన్నీ వెతికాను. గోత్రం ఉంది, రాశి ఉంది, ఎత్తుంది, రంగుంది. ఆ గడి లేదు.

మర్నాడు పొద్దున్నే వీరభద్రరావు గారికి ఫోన్ చేసి, అమ్మాయి ఇష్టం అమ్మాయినే అడిగారా అని కొత్త గడి ఒకటి పెడుతున్నానన్నాను. పెట్టమంటారా అని అడగలేదు. పెడుతున్నానని చెప్పాను.