కొంగుకి తగలని లైటు

మా నాన్న చీర చూపిస్తే కొనకుండా లేచి వెళ్ళడం కష్టమని రాజమండ్రి మెయిన్ రోడ్డులో అందరూ అనేవారు. ఆయన పేరు బుల్లిరాజు. శివరామకృష్ణ గారి బట్టల కొట్టులో తెల్ల పరుపు మీద నిలబడి, మడతలో ఉన్న చీరని రెండు చేతులా అంచు పట్టుకుని ఒక్క విసురు విసిరేవారు. చీర తెరచాపలా లేచి, కొంగు పైన ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, కింద కూర్చున్న ఆడవాళ్ళ ఒళ్ళోకి మెల్లిగా దిగేది. రంగు, అంచు, బుటా అన్నీ ఆ దిగే లోపలే కనిపించేవి.

కొట్టు పైకప్పు మాత్రం ఆ విసురుకి అనుకూలంగా ఉండేది కాదు. సరుకు దాచుకోవడానికి శివరామకృష్ణ గారు సగం కొట్టుకి అటక వేయించారు. చెక్కల సందుల్లోంచి దుమ్ము రాలుతోందని అటక కింద ప్లైవుడ్ కొట్టించారు. ఆ ప్లైవుడ్‌కి ట్యూబులైట్లు వేలాడేవి. నాన్న వాటి సందు చూసుకుని చీర విసిరేవారు. రెండువేల అయిదు మాఘమాసం పెళ్ళిళ్ళలో ఒకరోజు కొంగు జరీ ట్యూబులైటు పట్టీకి తగులుకుంది. నాన్న లాగారు. ట్యూబు ఊడొచ్చి పరుపు మీద పడి పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, బేరానికి కూర్చున్న పెళ్ళివారు చెప్పులు వెతుక్కుంటూ లేచిపోయారు.

మర్నాటి నుంచి నాన్న ప్యాకింగు బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన పరుపు మీదికి శివరామకృష్ణ గారి మేనల్లుడు సత్యప్రసాద్ వచ్చాడు. అతను చీరని మోకాళ్ళ మీద పెట్టుకుని పొర పొరగా తీసి చూపిస్తాడు.

"మంచిదేగా, కాళ్ళకి సుఖం," అన్నారు నాన్న ఇంటికొచ్చి.

ఆయనకి సుఖంగా లేదని మాకు దుప్పటి దగ్గర తెలిసింది. మా ఇంట్లో మంచాల మీద దుప్పట్లు వేయడం నాన్న పని. ఒక్క విసురుతో నాలుగు మూలలూ సరిగ్గా పడేవి. ఆ రోజు నుంచి ఆయన దుప్పటి ముట్టుకోలేదు. అమ్మే మంచం చుట్టూ తిరిగి మూల మూలా సర్దుకునేది.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగు చదివాను. ఆ చదువు ఫీజులన్నీ ఆ పరుపు మీద నుంచి వచ్చినవే. అప్పటికి రాజమండ్రిలోనే ఒక కాంట్రాక్టరు దగ్గర వైరింగు పనులు చూసేదాన్ని. ఆషాఢంలో, బేరాలు లేని ఒక మధ్యాహ్నం, నాన్నకి చెప్పకుండా శివరామకృష్ణ గారి దగ్గరికి వెళ్ళాను.

"కూర్చో దుర్గమ్మా. చీరకొచ్చావా, సిఫార్సుకొచ్చావా?" అన్నారాయన.

"లైటుకొచ్చానండి. ఆ ట్యూబులైట్లు తీసేసి, ప్లైవుడ్ లోపలికి దిగిపోయే లైట్లు పెడితే కొంగుకి ఏమీ తగలదు కదండీ."

"ఆ ముచ్చటా అయింది. పెద్ద షాపు నుంచి తెప్పించాను. బెజ్జం కొట్టి లోపలికి తోస్తే, అటక చెక్కకి కొట్టుకుని సగం బయటే ఉండిపోయింది. నెత్తిమీద చెంబు వేలాడదీసినట్టు! సత్యప్రసాద్ నుదురు కూడా చూసింది దాని సంగతి."

నిజమే. బజార్లో దొరికే లైటుకి జానెడు లోతు కావాలి. ఇక్కడ ప్లైవుడ్‌కీ అటక చెక్కకీ మధ్య ఉన్నది బెత్తెడు.

"ఆ బెత్తెడులో పట్టేది నేను చేయిస్తానండి," అన్నాను.

ఆయన అటక వైపు వేలు చూపించారు. "చెయ్యి. కానీ కొట్టు మూయను. అటక ఇప్పుడు ఖాళీగా ఉంది గానీ, నెలాఖరుకి బట్టల బేళ్ళొస్తాయి. పేర్చాక ఒక్కటి కూడా దింపను. పని అంతా కింద నుంచే కావాలి."

"అయితే నాన్నని మళ్ళీ పరుపు ఎక్కిస్తారా అండీ?"

"ఆయ్. నేనే చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాను. మొదటి శ్రావణ శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికి కాకపోతే పరుపు మా మేనల్లుడికే ఖాయం. ఏమీ అనుకోకు."

వెంటనే స్టూలెక్కి, ట్యూబులైటు పట్టీ పక్కనున్న కంతలోంచి పుల్ల దూర్చి లోతు కొలిచాను. గోడ దగ్గరా కొలిచాను, సరిగ్గా పరుపు మీదా కొలిచాను. అంతటా బెత్తెడే.

ఇన్నీసుపేటలో యెహెజ్కేలు గారని రేకు పనివారు ఉన్నారు. గరాటాలు, కిరసనాయిలు బుడ్లు, పెళ్ళిళ్ళకి డబ్బాలు చేస్తారు. నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. గుండ్రటి రేకు డబ్బా. అందులో నిలబెట్టే బల్బు బదులు, పడుకోబెట్టే చిన్న సీఎఫ్ఎల్ దీపాలు రెండు. ఒకటి తెల్లటిది, ఒకటి కాస్త పసుపుది. తెల్లటిదొక్కటే అయితే జరీ పాలిపోతుంది, పసుపుదొక్కటే అయితే నీలం మసిబారుతుంది. దీపాలు వెలగడానికి కావలసిన చోకు, డబ్బా నెత్తిన. డబ్బాకి రెండు వైపులా ఎలుకల బోనుకి ఉండేలాంటి స్ప్రింగు రెక్కలు. రెక్కలు పైకి మడిచి బెజ్జంలోకి తోస్తే, లోపల విచ్చుకుని ప్లైవుడ్‌ని పట్టుకుంటాయి. స్క్రూ అక్కర్లేదు.

"లడ్డూల డబ్బాలా ఉందండి దుర్గమ్మ గారూ," అన్నారాయన.

"లడ్డూ కన్నా వెలుగిస్తుంది లెండి."

ఆయన చేసిన మొదటి డబ్బాకి రెక్క మరీ బిగుతై నా వేలు నొక్కేసింది. రెండోదానికి సరిపోయింది. ఆరు డబ్బాలు తయారయ్యేసరికి ఆషాఢం అయిపోయింది.

శుక్రవారానికి ఇంకా మూడు రోజులుందనగా, పొద్దున్నే కొట్టు తీయగానే నేనూ యెహెజ్కేలు గారూ వెళ్ళాం. అప్పటికి నాన్నకి సంగతి తెలిసిపోయింది. వచ్చి నా స్టూలు పట్టుకుని నిలబడ్డారు.

గోడ పక్కన మొదటి బెజ్జం కోశాం. డబ్బా లోపలికి వెళ్ళింది, రెక్కలు టక్కుమన్నాయి. అంచు ప్లైవుడ్‌కి అతుక్కుపోయినట్టు కూర్చుంది. యెహెజ్కేలు గారు అరచేత్తో తడిమి చూసి, "స్తోత్రం," అన్నారు. నాన్న ముఖం వైపు నేను చూడలేదు. చూస్తే తొందరపడతానని భయం.

తర్వాత పరుపు పైన కోశాం. అక్కడే కదా కావలసింది. డబ్బా సగం వరకూ బాగానే వెళ్ళి, ఆగిపోయింది. గట్టిగా తోశాను. ఒక వేలు మందం బయటే ఉంది.

బెజ్జంలోకి చెయ్యి పెట్టి చూశాను. పై చెక్క నేను కొలిచినచోట లేదు. కిందికి వంగి ఉంది. నెలాఖరున వచ్చిన బేళ్ళు అటక మీద వరసలుగా ఉన్నాయి. ఆ బరువుకి చెక్కలు మధ్యలో, సరిగ్గా పరుపు మీద, దిగాయి. బెత్తెడు కాస్తా మూడు వేళ్ళయింది.

"కొలిచావు కదమ్మా?" అన్నారు శివరామకృష్ణ గారు.

"కొలిచానండి. అటక ఖాళీగా ఉన్నప్పుడు కొలిచాను."

పరుపు మీద నుంచి సత్యప్రసాద్ నవ్వాడు. "ఆషాఢం కొలతలు శ్రావణానికి పనికిరావండి, ఇంజినీరు గారూ!"

అతనన్నది నిజమే. బరువు పడితే చెక్క వంగుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. బేళ్ళొస్తాయని ఆయన ముందే చెప్పారు కూడా. రెండూ కలిపి ఆలోచించలేదు.

"నాలుగు బేళ్ళు పక్కకి జరిపితే..." అన్నాను.

"ఏం మాట అది? పైన పేర్చినవాళ్ళకి దిగేసరికి ఊపిరాడలేదు. మాట మాటేనమ్మా."

నాన్న స్టూలు ఒక చేత్తో అలాగే పట్టుకుని, "దిగమ్మాయ్. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చావు. అమ్మ క్యారేజీ పంపింది," అన్నారు.

ప్యాకింగు బల్ల కింద చిన్న అర ఉంది. నాన్న టిఫిన్ క్యారేజీ నిలువుగా అందులో పట్టదు. నేను వచ్చి కూర్చునేసరికి ఆయన దాని కడ్డీ తీసి, గిన్నెలు ఒక్కొక్కటే విడదీసి, అరలో పక్కపక్కన పెట్టారు. అన్నం, పప్పు, దోసకాయ కూర, పెరుగు. రోజూ అలాగే పెట్టుకుంటారు కాబోలు, గిన్నె గిన్నెకీ అక్కడ గుండ్రటి మరక ఉంది.

నేను అన్నం కలుపుకుంటూ ఆ గిన్నెలనే చూశాను. క్యారేజీ ఎత్తు ఎక్కువ. గిన్నెలు ఎత్తు తక్కువ.

"నాన్నా, చోకు నెత్తిన ఎందుకు పెట్టాను?"

"నన్నడిగితే?"

"పక్కన పెట్టొచ్చు. డబ్బాతో కలపక్కర్లేదు, వైరుంటే చాలు."

నాన్నకి ఎంతవరకూ అర్థమైందో తెలియదు. "పెరుగు వేసుకుని వెళ్ళు," అన్నారు.

చెయ్యి కడుక్కుని ఇన్నీసుపేట పరిగెత్తాను. అప్పటికే దుకాణానికి వెళ్ళిపోయిన యెహెజ్కేలు గారు విని, ఒక డబ్బా తీసి నడుం దగ్గర గీటు గీశారు. "అయితే లడ్డూల డబ్బా కాస్తా అప్పడాల డబ్బా అయిపోతుందండి."

"అదేనండి కావలసింది."

చోకుకి వేరే చిన్న రేకు గూడు చేశారు. దానికీ డబ్బాకీ మధ్య మూరెడు వైరు. ఒకటే బెజ్జం. ముందు చోకు లోపలికి వెళ్ళి పక్కకి జరిగి పడుకుంటుంది, దాని వెనక వైరు, ఆ వెనక డబ్బా. ఎద్దు ముందు, బండి వెనక. బేళ్ళకి వేడి తగలకుండా డబ్బాకీ చెక్కకీ మధ్య గాలి ఆడేంత సందు కూడా మిగిలింది. ఆయనా, ఆయన భార్యా కూడా కూర్చుని గురువారం మధ్యాహ్నానికి ఆరూ పూర్తి చేశారు.

గురువారం సాయంత్రం బిగించడానికి వెళితే శివరామకృష్ణ గారు కాఫీ తాగుతూ కూర్చున్నారు. పరుపు పైనున్న బెజ్జంలోకి చోకుని తోశాను. జరిగింది. డబ్బా ఎత్తాను. రెక్కలు టక్కుమన్నాయి. స్విచ్చి వేసి దిగేసరికి ఆయన గ్లాసులో కాఫీ ఇంకా ఉంది.

"అంతేనా?" అన్నారు.

"అంతేనండి."

"ఒక్క బేలు కూడా కదల్లేదే!" అని పైకి చూసి, మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, "ట్యూబులైట్లు దింపి తక్కినవీ ఎక్కించు," అన్నారు.

శుక్రవారం పొద్దున కొట్టు నిండా జనం. రావులపాలెం నుంచి రత్తమ్మ గారు వచ్చారు. అరటిగెలల వ్యాపారం వాళ్ళది, ఆ శ్రావణంలోనే కూతురి పెళ్ళి. ఆవిడ నాన్న చేత తప్ప ఇంకెవరి చేతా చీర చూపించుకోరు.

"ఏంటండీ రాజుగారూ, మొన్న మా తోడికోడలొస్తే పొట్లాలు కడుతున్నారట? మా అమ్మాయి పెళ్ళికి కూడా పొట్లమే కడతారా?"

శివరామకృష్ణ గారు గల్లా పెట్టె దగ్గర నుంచి లేచి వచ్చారు. అందరూ చూస్తుండగా నాన్న మోచెయ్యి పట్టుకుని, "ఎక్కవయ్యా," అన్నారు. సత్యప్రసాద్ తనంతట తనే పక్కకి జరిగి, వంగపండు రంగు పట్టు చీర ఒకటి తీసి అందించాడు.

నాన్న చీర అంచు పట్టుకున్నారు. విసిరారు. కానీ చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. చీర మధ్యలోనే కుప్పకూలి పరుపు మీద పడింది. పైన ఏమీ లేదని కళ్ళకి తెలుసు, చేతులకి తెలియలేదు.

"ఏంటండీ, చూపిస్తున్నారా దాస్తున్నారా?" అన్నారు రత్తమ్మ గారు. అందరూ నవ్వారు.

నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. "పైన ఏమీ లేదు నాన్నా," అన్నాను.

ఆయన తల ఎత్తి చూశారు. ప్లైవుడ్ నున్నగా ఉంది. ఆరు గుండ్రటి వెలుగులు, ఒక్కటీ బయటికి పొడుచుకు రాలేదు. నాన్న చీర మళ్ళీ మడిచి, ఈసారి మునివేళ్ళ మీద లేచి విసిరారు.

చీర పైకంటా వెళ్ళింది. కొంగు ప్లైవుడ్‌ని రాసుకుంటూ, లైటు మీదుగా జారి, ఎక్కడా పట్టుకోకుండా విచ్చుకుంది. జరీ ఒకసారి మెరిసింది. చీర రత్తమ్మ గారి ఒళ్ళోకి మెల్లిగా దిగింది.

ఆవిడ అంచు పట్టుకుని చూసి, లేచి, చీరతో గుమ్మం వైపు నడిచారు. మా ఆడవాళ్ళందరికీ అది అలవాటే, ఎంత వెలుగున్నా చీర రంగు ఎండలో చూడాల్సిందే. రెండో కొస పట్టుకుని నాన్న వెనకే వెళ్ళారు. కొట్టు లోపలి నుంచి రోడ్డు దాకా చీర సాగింది. ఒక ఆటో ఆగి హారన్ కొట్టింది. రత్తమ్మ గారు ఎండలో చూశారు, లోపలికి తిరిగి చూశారు, మళ్ళీ ఎండలో చూశారు.

"పదండి లోపలికి. ఇక్కడా అదే రంగు. ఎండకి నిలబడ్డం దండగ," అన్నారు. "ఇది పక్కన పెట్టండి. ఇంకోటి వెయ్యండి. ఇలాగే, పైకి."

శివరామకృష్ణ గారు నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "ఆ ముందు గదిలో కూడా ఇవే పెట్టు దుర్గమ్మా," అన్నారు. నేను సరేనండి అంటూనే నాన్నని చూస్తున్నాను. ఆయన పరుపెక్కి, చిలకపచ్చ చీర మడత విప్పి, రెండు చేతులా అంచు దొరకబుచ్చుకున్నారు. విసరబోతూ ఆగి నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, కాస్త అవతలికి జరుగు," అన్నారు. "కొంగు నీకు తగుల్తుంది."