వెనక వరుసలో నిలబడ్డ అట్ట

నేను సభల్లో బల్లమీద పెట్టే పేరు రాసిన మడత అట్టను. ఇప్పుడు చిత్తుకాగితాల బుట్టలో పడి ఉన్నాను కానీ, నిన్నటిదాకా నాకూ ఓ హోదా ఉండేది. కృత్రిమ మేధకు పగ్గాలు వేయడానికి దేశాలన్నీ జెనీవాలో కూడిన సభ కోసం నన్ను అచ్చువేశారు. నా ఒంటిమీద హైదరాబాద్‌లోని ఒక విధాన పరిశోధన సంస్థ పేరుంది. దేశాలకేమో గట్టి ప్లాస్టిక్ పేరుపలకలు, ముందు వరుసలు. సంస్థలకు అట్టముక్కలు, గోడ పక్కన చివరి వరుస. ఏం చేస్తాం, పుట్టుకే అలాంటిది!

అక్కడ మాట్లాడాలంటే చెయ్యెత్తరు, పేరుపలకను నిలువుగా నిలబెడతారు. మా సంస్థ పరిశోధకురాలు వకుళ పొద్దున్నే నన్ను నీళ్ల సీసాకు ఆనించి నిలబెట్టింది. ఆమెకు కావలసింది అక్కడ దేశాలు రాసుకునే ఒప్పందంలో ఒకే ఒక్క వాక్యం: యంత్రం ఎవరి పింఛనైనా ఆపితే, ఎందుకు ఆగిందో చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. అలా పింఛను ఆగిన ముసలివాళ్ల గడపలు ఆమె ఎన్నో ఎక్కి దిగింది.

మధ్యాహ్నం దాటినా సభాధ్యక్షుడి చూపు నా దాకా వస్తేగా! అంతమంది మధ్య అంత ఒంటరితనం ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

"సార్, పొద్దుగాల సంది నిలవెట్టే ఉంచిన. ఒక్కపారన్న ఇటు చూస్తలేడు," అంది వకుళ, పక్కనున్న మా సంస్థ డైరెక్టర్ కోదండపాణితో.

"దేశాలన్నీ మాట్లాడినంక టైముంటే మనకిస్తరమ్మా. ఆ టైము ఎన్నడూ ఉండది," అన్నాడాయన. ఇలాంటి సభలు ఆయనకు కొత్త కాదు.

టీ విరామంలో ఒక చిన్న ద్వీపదేశం ప్రతినిధి వచ్చి, ఆ వాక్యాన్ని తాను ప్రతిపాదిస్తానన్నాడు. సంస్థల పని ఇలాగే సాగుతుందట. రాసేది వెనక వరుస, చదివేది ముందు వరుస. వకుళ ఆ వాక్యమున్న కాగితాన్ని అతని చేతిలో పెట్టేసింది.

సాయంత్రం అతను చదివాడు. "అభ్యంతరాలున్నాయా?" అంటూ అధ్యక్షుడు తలెత్తాడు. ఆ సమయంలో ఏ పలక నిలబడి ఉన్నా అభ్యంతరం కిందే లెక్క, వాక్యం పక్కకు పోతుంది. అప్పుడు మాత్రం దేశమా, సంస్థా అని చూడరు. ఆయన చూపు వరుసలు దాటుకుంటూ వెనక్కి వస్తోంది. అయ్యో, నేనింకా నిలబడే ఉన్నాను! రోజంతా ఆ చూపు కోసం ఏడ్చినదాన్ని, ఇటు రావద్దని వణికిపోయాను.

"అమ్మో, అట్ట!" అంటూ వకుళ నన్ను బల్లమీద బోర్లా పడేసి, అరచేత్తో అదిమిపట్టింది.

ఆమోదించినట్టు అధ్యక్షుడి సుత్తి దెబ్బ వినబడింది. వాక్యం నిలిచింది. ద్వీపదేశానికి చప్పట్లు మోగాయి.

"మన పేరు ఏడ లేదు బిడ్డా," అన్నాడు కోదండపాణి.

"వాక్యముంది గద సార్," అంది వకుళ.

హాలంతా చప్పట్లు కొడుతుంటే ఆమె ఒక్కతే కొట్టలేదు. అధ్యక్షుడు లేచి వెళ్లిపోయేదాకా నా మీద నుంచి చెయ్యి తియ్యడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.