వచ్చే మాఘంలో ఆగిపోయిన కంప్యూటర్

అనంతరామయ్యగారికి డెబ్భై రెండేళ్ళు. ఏలూరు పవర్‌పేటలో ఆయన పెట్టిన ముహూర్తానికి పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఇప్పుడు మనవల పెళ్ళిళ్ళకి కూడా ఆయన గడపే తొక్కుతున్నారు. అంతటి మనిషీ ఆ ఉదయం పది ఇరవైకి, కోడలి కుర్చీ వెనకాల చేతులు కట్టుకుని, బల్లమీది కంప్యూటర్ వంక బిక్కమొహం వేసుకుని చూస్తూ నిలబడ్డారు. తెరమీద చిన్న చక్రం ఒకటి గిర్రున తిరుగుతోంది. అది తిరగడమే గానీ పేజీ రావడం మాత్రం లేదు.

పదకొండింటికి మనవరాలు మనస్వికి ఇంటర్వ్యూ. పిల్ల డిగ్రీలో జంతుశాస్త్రం చదివింది. పక్షుల మీద పైచదువు చెప్పే సంస్థ ఒకటి దేశం మొత్తమ్మీద పన్నెండంటే పన్నెండు సీట్లు ఇస్తోంది. రాతపరీక్ష గట్టెక్కింది, ఇక ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. అది కూడా వాళ్ళు పంపిన లింకులోనే, కంప్యూటర్ ముందు కూర్చునే జరగాలి. పదకొండుంపావు దాటితే లోపలికి రానివ్వమని, ఇంకో అవకాశం ఉండదని ముందే రాశారు. మూడేళ్ళుగా చలికాలం వచ్చిందంటే చాలు, ఆదివారాలు ఆటోలు మారి ఆటపాక వెళ్ళి, కొల్లేటి బురదలో మోకాళ్ళ దాకా దిగి ఆ పిల్ల గూడబాతుల్ని లెక్కపెట్టింది ఇందుకోసమే.

కోడలు మృదుల ఉంగుటూరు హైస్కూల్లో టీచరు. అక్కడ ఏ కంప్యూటర్ మొరాయించినా ముందు ఆవిణ్ణే పిలుస్తారు. కూతురి కోసం సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉంది.

"అమ్మా, లింకు సగం తెగిపోయిందే!" అంది మనస్వి, తెరమీద వేలు పెట్టి.

నిజమే. మెయిల్లో ఆ లింకు బారెడు పొడుగుంది. పై వరసలో చాలక కింది వరసలోకి దిగింది. పైది నీలంగా ఉంది, కిందిది మామూలు నల్లక్షరాలు. నీలం ముక్క నొక్కితే సగం చిరునామాకే పోతోంది. సగం చిరునామాకి ఉత్తరం చేరుతుందా? మృదుల రెండు ముక్కలూ తీసుకుని, మధ్యలో ఖాళీ లేకుండా పైన పట్టీలో అతికించి నొక్కింది. చక్రం ఆగింది. హమ్మయ్య అనుకున్నారు ముగ్గురూ. ఆ మాట పూర్తయ్యేలోపే తెర నిండా ఎర్రగుర్తుతో ఇంగ్లీషులో హెచ్చరిక వచ్చిపడింది. ఈ కనెక్షన్ సురక్షితం కాదు, వెనక్కి వెళ్ళండి అని దాని సారాంశం.

"వెనక్కి వెళ్ళడమేవిటమ్మా, శుభమా అని కూర్చుంటే!" అన్నారు అనంతరామయ్యగారు.

"ఉండండి మావయ్యగారూ, చూస్తున్నానుగా."

మృదుల రౌటర్ ఆపి, ఇరవై అంకెలు లెక్కపెట్టి మళ్ళీ వేసింది. బ్రౌజర్లో పేరుకుపోయిన పాత సరంజామా అంతా తుడిచేసింది. ఇంకో బ్రౌజర్ తెరిచింది. ఊహూఁ. అదే ఎర్రగుర్తు. చిత్రం ఏమిటంటే నెట్ లేకపోలేదు. మెయిల్ వచ్చింది, ఒక పేపరు పేజీ వచ్చింది, ఇంకో పేపరు పేజీ రాలేదు. ఫోన్లో ఈ లింకే అతికించి చూస్తే సుబ్బరంగా తెరుచుకుని, 'ఫోన్ పనికిరాదు, కంప్యూటర్లో రండి' అని మర్యాదగా చెప్పి ఊరుకుంది.

"ఇదేం పెంకితనమే దీనికి!" అని మృదుల ఎర్రగుర్తు కింద ఉన్న చిన్నక్షరాలు విప్పి చదివింది. "సర్టిఫికెట్ గడువు తీరిపోయిందిట. అయితే ఇది వాళ్ళ తప్పేనండీ. మనం ఇక్కడ కిందా మీదా పడి ఏం లాభం?"

సంస్థ వాళ్ళ సహాయానికని ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసింది. విక్టోరియా అనే అమ్మాయి ఎత్తింది. అదృష్టం, తెలుగు పిల్లే.

"మా సర్టిఫికెట్‌కి వచ్చే నెలాఖరు దాకా గడువుందండీ. పొద్దుట్నించీ నలుగురు ఇదే లింకులో వచ్చి వెళ్ళారు. ఇబ్బంది మీవైపే ఉండుంటుందండీ, ఒక్కసారి చూసుకోండి. పదకొండుంపావు దాటితే నా చేతుల్లో ఉండదు, ఏవనుకోకండి."

మనస్వి ఏడవలేదు. పట్టుచీర కొంగుని రెండు చేతులతోనూ నలుపుతూ కూర్చుంది. నెట్ సెంటర్‌కి పరిగెడదామా అంటే, అక్కడ నలుగురి మధ్య గోలలో కుదరదు. ఇంటర్వ్యూకి గదిలో ఇంకెవరూ ఉండకూడదని షరతు. గోడగడియారం పది యాభై చూపిస్తోంది.

అనంతరామయ్యగారు మెల్లగా అక్కణ్ణించి తప్పుకున్నారు. ఆయన గుండెల్లో రాయి పడింది. ఆ రాయి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అసలు విషయం ఇది. నిన్న సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి పద్మప్రియగారు ఫోన్ చేశారు. ఆవిడ కొడుకు బ్యాంకులో ఉద్యోగం, పిల్లవాడు బంగారం, జాతకాలు కూడా అద్భుతంగా కలిశాయి. "మాఘంలో ఏదైనా మంచి లగ్నం చూసి ఉంచండి బాబాయిగారూ, రేపు పొద్దున్న మళ్ళీ చేస్తాను" అందావిడ. మనస్వి ఇప్పుడే పెళ్ళి వద్దంది, చదువయ్యాక చూద్దాం తాతగారూ అని రెండుసార్లు చెప్పింది. అయినా ఈయన కంప్యూటర్ ముందు కూర్చుని, వచ్చే మాఘంలో ఓ దివ్యమైన లగ్నం పట్టుకున్నారు. కాగితం మీద రాసుకుంటుండగా మనస్వి హాల్లోకి వచ్చింది. దొంగతనం చేసినవాడిలా గబుక్కున కంప్యూటర్ ఆపేసి, కాగితం బొడ్లో దోపుకున్నారు. అదీ పెద్ద పాపం కాదులెండి. ఆ రాత్రి పడుకోబోతూ, 'ఈ సీటు రాకపోతే అన్నీ హాయిగా జరిగిపోతాయి' అనుకున్నారు చూశారూ, అదీ ఆయన్ని ఇప్పుడు తినేస్తున్నది.

తను కోరుకున్నదే జరుగుతోంది. పిల్ల కళ్ళెదుటే తలుపు మూసుకుంటోంది. ఛీ, నోటితో ఆశీర్వదిస్తూ కడుపులో ఇదా నేను దాచుకున్నది, అనుకున్నారాయన. ఆయనకి తెలిసిన దారి ఒక్కటే. కాళ్ళు కడుక్కుని దేవుడి గదిలోకి వెళ్ళి, దీపం సరిచేసి, పీట మీద కూర్చున్నారు. పిల్లకి విఘ్నం తొలగాలని పూజ. ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పాలి. ఎక్కడ ఉన్నామో, ఏ కాలంలో ఉన్నామో పొల్లుపోకుండా చెప్పుకున్నాకే కోరిక చెప్పుకోవాలి.

"...కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే..." ఊరు చెప్పడం అయింది. "...దక్షిణాయనే, గ్రీష్మ ఋతౌ, మాఘ మాసే..."

ఆయన నాలుక చటుక్కున ఆగిపోయింది. యాభై ఏళ్ళలో ఎన్ని వేల సంకల్పాలు! ఒక్కనాడు తిథి తప్పు పలికి ఎరగరు. ఇప్పుడు నడుస్తున్నది ఆషాఢం. మాఘం ఎక్కణ్ణించి వచ్చింది? గ్రీష్మంలో మాఘమాసమేమిటి, మతిగానీ పోలేదు కదా!

మాఘం!

"అమ్మాయ్!" అని ఒక్క కేక పెట్టి పీట మీంచి లేచారు. పంచె కాళ్ళకి అడ్డం పడుతున్నా లెక్కచేయకుండా హాల్లోకి వచ్చిపడ్డారు. "అమ్మాయ్, అది ఈవేళలో లేదమ్మా! మాఘంలో ఉంది! నేను నిన్న మాఘానికి వెళ్ళి తిరిగి రాలేదు!"

మృదులకి పై ప్రాణాలు పైనే పోయాయి. కూతురి సంగతి చూడనా, ఈయనకేమైందో చూడనా అన్నట్టు బిత్తరపోయింది. మనస్వికి మాత్రం ఠకీమని వెలిగింది. తాతగారి కంప్యూటర్లో ఉన్నది గణపవరం మిత్రుడొకాయన పదేళ్ళ కిందట చేసిచ్చిన పంచాంగం. అదేం చేస్తుందంటే, కంప్యూటర్లో ఏ తేదీ ఉంటే ఆ తేదీ తిథి, వార, నక్షత్రాలు చూపిస్తుంది, అంతకు మించి తెలీదు. అందుకని ముందెప్పటిదో ముహూర్తం చూడాలంటే ఆయన కంప్యూటర్ తేదీనే ముందుకు జరిపేస్తారు. దానంతట అది సరిచేసుకునే ఏర్పాటు కూడా తీయించేశారు. పని అయ్యాక మళ్ళీ ఈనాటికి తెచ్చిపెడతారు. 'వచ్చే ఏడాది మామిడికాయలు ఎలా ఉన్నాయి తాతగారూ?' అని మనస్వి ఆటపట్టిస్తూనే ఉంటుంది. నిన్న ఆ తిరిగి తెచ్చే పనొక్కటీ ఎగిరిపోయింది.

మనస్వి తెర మూలకి చూసింది. గంటలూ నిమిషాలూ సరిగ్గానే ఉన్నాయి, అందుకే ఎవరి కన్నూ అటు పోలేదు. కింద చిన్నక్షరాల్లో తేదీ వచ్చే ఏడాది ఫిబ్రవరిది.

"మాఘంలో ఎవరి పెళ్ళి తాతగారూ?" అంది నెమ్మదిగా.

ఆయన చెయ్యి బొడ్లో కాగితం మీదికి పోయింది. ఆ పిల్ల ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. అంతా తెలిసిపోయింది. ఇటు తిరిగి, గబగబా తేదీని ఆషాఢ బహుళ దశమికి తెచ్చి, బ్రౌజర్ మూసి తెరిచి, లింకు రెండు ముక్కలూ మళ్ళీ అతికించి నొక్కింది.

పేజీ తెరుచుకుంది. ఎర్రగుర్తు లేదు, చక్రం లేదు. తెల్లటి తెరమీద మనస్వి పేరు, దాని కింద 'లోపలికి రండి' అన్న మాట. గడియారంలో పదకొండూ పది. మృదుల మామగారి మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"తేదీ ఒక్కటి తప్పితే అంత పనీ చేసిందా అమ్మా?" గుసగుసగా అడిగారాయన.

"అవునండీ. పేజీ తెరిచే ముందు అవతలివాళ్ళు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని ఒక పత్రం చూపిస్తారు. మన కంప్యూటర్ ఈవేళ ఏ రోజో చూసుకుని, సరిపోతేనే మాట్లాడుతుంది. మనది ఫిబ్రవరిలో ఉంది కదా, వాళ్ళ పత్రం ఎప్పుడో చెల్లిపోయింది అనుకుంది పాపం. ఏడాది గడువున్న పేజీలు తెరుచుకున్నాయి, మూణ్ణెల్లవి తెరుచుకోలేదు."

"ప్రతిసారీ చూసుకుంటుందా?"

"నొక్కిన ప్రతిసారీనండీ. లోకంలో అందరివీ అంతే."

అనంతరామయ్యగారు అక్కడే అరుగు మీద కూలబడ్డారు. ఇన్నాళ్ళూ ఆయన దాన్ని ఆచారం లేని యంత్రమనుకున్నారు. అది సంకల్పం చెప్పనిదే అడుగు ముందుకు వేయదట! ఈ ఊళ్ళో, పక్క ఊళ్ళో, సముద్రాల అవతల, కోట్లమంది కోట్లసార్లు వేలితో నొక్కుతుంటే, నొక్కినప్పుడల్లా లోపల ఎవరికీ వినపడకుండా 'ఈనాడు ఏ దినం' అన్న ప్రశ్న ఒకటి నడుస్తోందన్నమాట. తిథి తప్పితే ఫలం లేదు. తను యాభై ఏళ్ళు పీటల మీద కూర్చోబెట్టి చెప్పించింది ఇదేగా! ఆయనకి కళ్ళు చెమర్చాయి. చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఎవరికి దణ్ణం పెడుతున్నారో ఆయనకే తెలియలేదు.

లోపల్నించి మాటలు వినపడుతున్నాయి. ఎక్కువ ఇంగ్లీషే. అడిగేవాళ్ళు ముగ్గురిలో ఒకావిడ తెలుగావిడలా ఉంది, మధ్యలో తెలుగులోకి దిగింది.

"పది నిమిషాలు ఆలస్యంగా వచ్చారేం?"

అనంతరామయ్యగారు తలుపుకి దగ్గరగా జరిగారు.

"మా తాతగారు పంచాంగం చూడ్డానికి వచ్చే మాఘానికి వెళ్ళి, తిరిగి రావడం మర్చిపోయారండీ," అంది మనస్వి. ఫక్కున నవ్వులు వినపడ్డాయి. పిల్ల ఏం జరిగిందో చెప్పింది. ఎవరి ముహూర్తం అన్నది మాత్రం చెప్పలేదు.

"మరి మీ గూడబాతులు ఏ పంచాంగం చూసుకుని కొల్లేరు వస్తాయి?" అందావిడ నవ్వుతూనే.

"పగలు ఎంతసేపు ఉంటుందో దాన్నిబట్టి వాటి ఒంట్లోనే లెక్క కదులుతుందంటారండీ. కానీ వానలు వెనకబడిన ఏడాది అవి కూడా ఎలా వెనకబడతాయో నాకు అర్థం కాలేదు. మూడేళ్ళు చూశాను. ఇందాక తేదీ తప్పితే మా కంప్యూటర్‌కి ఒక్క పేజీ రాలేదు. వాటికి తేదీ తప్పితే పిల్లలకి చేప దొరకదు. వాటికి ఎవరు చెప్తున్నారో తెలుసుకోవాలనే వచ్చానండీ."

ఆ తర్వాత మళ్ళీ ఇంగ్లీషు మొదలైంది, కానీ ఈసారి గొంతులు మెత్తబడ్డాయి. అనంతరామయ్యగారు కదలకుండా వింటున్నారు. తను ఎత్తుకు తిప్పిన పిల్లేనా ఇది? పండితుల సభలో కూడా ఇంత నిబ్బరంగా మాట్లాడినవాళ్ళని ఆయన ఎక్కువమందిని చూడలేదు. ఇలాంటి పిల్లని నేను ఎక్కడికి తోసేయబోయాను, అనుకున్నారు.

పన్నెండు కావస్తుండగా మనస్వి తలుపు తీసుకుని బయటికి వచ్చింది. "ఫలితం నెల్లాళ్ళకి చెప్తారట," అంటూ వచ్చి అరుగు మీద ఆయన పక్కనే కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. తెరమీద పద్మప్రియగారి పేరు ఉంది. అది మనస్వి కూడా చూసింది. చూసి, తల పక్కకి తిప్పుకుంది.

ఆయన లోపలికి వెళ్ళిపోలేదు. అక్కడే ఎత్తారు.

"చెప్పండి అమ్మా. ఆఁ, చూశానమ్మా. మీ అబ్బాయికి నిక్షేపంలాంటి సంబంధం దొరుకుతుంది, నేనే వచ్చి పెళ్ళి చేయిస్తాను. మా పిల్ల సంగతి మాత్రం వదిలేయండి." బొడ్లో కాగితం తీసి, మనస్వి ఒళ్ళో పెట్టారు. "దాని ముహూర్తం మాఘంలో లేదమ్మా. నేనే తేదీ తప్పు చూశాను. అది ఈవేళ పదకొండూ పదికి."