ఫీజు కట్టిన బాత్రూం

వనపర్తి పోయే రోడ్డు మీదున్న మా ఊరు మున్సిపాలిటీ అయిన ఏడాది, ఊరికి ఒక ఫైరింజన్ వచ్చింది. కొత్తగా కట్టే ఇళ్ల మీద, కొత్తగా వేసే వెంచర్ల మీద ఫైర్ ఫీజు వసూలు చేసి దాన్ని కొన్నారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఊరంతా తిప్పి, చివరికి తీసుకుపోయి పూలవనం వెంచర్లో నిలబెట్టారు.

పూలవనంలో పూలూ లేవు, వనమూ లేదు. ఒక కమాను, ప్లాట్లు చూడవచ్చిన వాళ్లకు చాయ్ పోసే రేకుల షెడ్డు, కంటికి ఆనినంత మేర సున్నం కొట్టిన హద్దురాళ్లు, అంతే. రాయి అంటుకోదు. అయినా ఆ రాళ్లకు రాత్రింబవళ్లు ఫైరింజన్ కాపలా.

అంటుకునేవన్నీ మా పాతవాడలో ఉన్నాయి. గడ్డివాములు, కట్టెల మోపులు, వాటి మీదుగా ఉయ్యాలలూగే కరెంటు తీగలు. కిష్టమ్మ ఇంటి పెరడు మరీ అధ్వానం. ఆమెకు మొగుడు లేడు, ఉన్నది ఒక బర్రె. పాలు పోసి బతుకుతుంది. నిరుడు ఎండాకాలం వామి కాలిపోతే మేత లేక, అప్పుడున్న పెద్ద బర్రెను పెబ్బేరు సంతలో అమ్మేసింది. అది బండి ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు, కిష్టమ్మ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా వచ్చి ఎదురుగా కూర్చునేది. మిగిలింది అప్పటికే ఎదిగిన దాని దూడే, ఈ ఏడు ఈని పాలిస్తున్న చుక్కమ్మ. ఈ వామి కూడా పోతే అదీ పోతుంది.

అందుకే కిష్టమ్మ మున్సిపల్ ఆఫీసుకు పోయి, కమిషనర్ ప్రేమలత మేడం ముందు నిలబడింది.

"అమ్మా, గా ఎర్రబండిని జర మా వాడల పెట్టున్రి. రాళ్లకాడ దానికేం పని?"

"కొత్త కట్టడాల మీద వచ్చిన పైసలు కొత్త కట్టడాలకే ఖర్చు పెట్టాలె అవ్వా. రూల్ గట్ల ఉంది. మీ వాడల ఎవరన్న ఫీజు కట్టిన్రా?"

"మాయి తాతలనాటి ఇండ్లమ్మా. అప్పుడు అగ్గి ఉండె గని ఫీజు లేకుండె."

"గదే చెప్తున్న. పాత అగ్గికి మాకాడ పైసల్లేవు."

ఇంటికొచ్చి ఈ మాట పక్కింటి మెహరున్నిసాకు చెప్పింది. మెహరున్నిసా గాజుల గంప మోసే మనిషి. గాజుల కన్నా నోరే ఎక్కువ గలగలమంటుంది.

"పరేషాన్ ఎందుకు కిష్టమ్మక్కా? నువ్వు గూడ ఏదన్న కట్టు. బాత్రూం కట్టినా కొత్తదే గదా!"

ఆమె నవ్వుతూ అన్నది. కిష్టమ్మ నవ్వకుండా విన్నది. కాళ్ల కడియాలు అమ్మి, వామి పక్కనే ఇటుకలతో బాత్రూం కట్టించింది. దానికి పర్మిషన్ తీసుకుంది, ఫైర్ ఫీజు కట్టింది. చీర అడ్డం కట్టుకుని స్నానాలు చేసే మా వాడలో బాత్రూముకు పర్మిషన్ తీసుకున్న మొదటి మనిషి ఆమే. రసీదుకు ప్లాస్టిక్ తొడుగు వేయించి, మామిడి తోరణం పక్కన వేలాడదీసింది.

"ఇగ భయం లేదే," అన్నది చుక్కమ్మ వీపు నిమురుతూ.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గాలి లేచింది. తీగ తీగ రాసుకుని నిప్పురవ్వలు వామి మీద రాలాయి. ఉన్నమాట చెప్పాలి, ఫోన్ చేస్తే ఫైరింజన్ వెంటనే వచ్చింది. శ్రవణ్ కుమార్ అనే కుర్ర ఫైర్‌మన్ దూకి, పైపు లాగి, నీళ్లు వదిలాడు. బాత్రూం మీద.

"గది గాదు కొడుకా! వామి! వామి మీద కొట్టు!"

"ఫీజు బాత్రూముకే ఉంది అవ్వా. పోయినసారి ఎవరిదో కోళ్లగూడు ఆర్పితే నాకు మెమో ఇచ్చిన్రు. నీళ్లకు లెక్క చెప్పాలె నేను."

అయినా వాడి చెయ్యి ఊరుకోలేదు. వణికినట్టు నటిస్తూ పైపును కొంచెం వామి వైపు వంచాడు. పక్కనున్న డ్రైవర్ చేతిలోని ఫోన్లోంచి, వీడియోలో చూస్తున్న మేడం గొంతు వినిపించింది. "శ్రవణ్, పైపు ఎడమకు పోతుంది. సరిగ్గ పట్టుకో."

వాడు సరిగ్గా పట్టుకున్నాడు.

బిందెలు మోసి మోసి రొప్పుతున్న మెహరున్నిసా ఆగి అరిచింది. "సాబ్, తానం మంచిగ చేపిస్తున్నవ్. సబ్బు గిట్ల తెమ్మంటవా?"

సాయంత్రానికి వామి బూడిదైంది. బాత్రూం కడిగిన పళ్లెంలా మెరిసింది. "పాతవాడలో తప్పిన ముప్పు" అని మర్నాడు పేపర్లో వేశారు, బాత్రూం ఫొటోతో సహా.

పూలవనం యజమాని బాలకృష్ణ మనిషిని పంపాడు. ప్లాట్లు చూడవచ్చే వాళ్లకు చిక్కటి చాయ్ పోయాలట, పాడిబర్రె కావాలట. మేత లేని ఇంట్లో బేరం ఎంతసేపు? అమ్మిన పశువును మా దగ్గర ఖాళీ నోటితో సాగనంపరు, గడ్డి తినిపించి పలుపు విప్పుతారు. కిష్టమ్మ పెరట్లో ఆ పిడికెడు గడ్డి కూడా లేదు. మెహరున్నిసా లోపలికి పోయి, గాజులు పగలకుండా పెట్టెలో పరిచిన గడ్డిని తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టింది. కిష్టమ్మ దాన్ని చుక్కమ్మకు తినిపించి పలుపు విప్పింది.

కొన్నాళ్లకు మనసాగక కిష్టమ్మ పూలవనం దాకా నడిచిపోయింది. అంత పెద్ద వెంచర్లో నీడ అంటూ ఉన్నది ఫైరింజన్‌దే. చుక్కమ్మ ఆ నీడలో నెమరేస్తోంది. బండి తుడుస్తున్న శ్రవణ్ కుమార్ ఆమెను చూసి తల దించుకున్నాడు.

కమాను దగ్గరే నిలబడి అడిగింది. "కొడుకా, ఈడ అగ్గి అంటుకుంటే మా చుక్కమ్మ మీద నీళ్లు పోస్తవా?"

"పోస్త అవ్వా. వెంచర్ల ఏదున్నా ఫీజు కిందికే వస్తది."

"అయితే మంచిగనే ఉంది తియ్యి," అని కిష్టమ్మ వెనక్కి తిరిగింది.

ఆ గొంతు విని చుక్కమ్మ తల ఎత్తింది. పలుపు బిగిసిన చప్పుడైంది. కిష్టమ్మ తిరిగి చూడలేదు. అన్నం ముందు కూర్చోవడానికి ఒక చూపు ఇంట్లో ముందే ఉంది.