శ్రీవారికి ఒక పేజీ

ఒక చీరకి ఫాల్ కుట్టేసరికి నాకు సగం అధ్యాయం పూర్తవుతుంది. జాకెట్‌కి హుక్కులు, కాజాలు అయితే ఒక ప్రేమలేఖ. పట్టుచీరకి సూది మెల్లగా నడవాలి కాబట్టి ఎడబాటు ఘట్టాలు పట్టుచీరల కోసం దాచుకుంటాను. చేతులు రెండూ బట్ట మీద ఉంటాయి. ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి, మైకు గుర్తు నొక్కి, మాట్లాడుతూ పోతాను. నేను చెప్పింది చెప్పినట్టు తెలుగు అక్షరాలై తెర మీద పడుతుంది. దారం తెంపేటప్పుడు కామాలు, ముడి వేసేటప్పుడు ఫుల్‌స్టాపులు సరిచేసుకుంటాను. వారం వారం శుక్రవారం ఒక భాగం, కథలొచ్చే యాప్‌లో, మనోజ్ఞ అనే పేరుతో.

భద్రాచలంలో మా ఆయన ఆసిఫ్‌కి లేడీస్ టైలర్ షాపు ఉంది. కత్తిరింపు, మిషను కుట్టు అక్కడ. ఫాల్, హెమ్మింగ్, హుక్కులు, కాజాలు సంచుల్లో ఇంటికి వస్తాయి. పధ్నాలుగేళ్ళుగా వస్తున్నాయి. "మీ ఇంటామె ఏం చేస్తది మాస్టర్?" అని షాపులో ఎవరైనా అడిగితే, "ఏం చేస్తది, ఇంట్లనే ఉంటది" అంటాడు. అట్లా ఏమీ చేయకుండా ఇంట్లో ఉండి నేను కుట్టిన హుక్కుల్ని ఈ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు పొద్దున్నే లేచి పెట్టుకుంటారు.

నాది చండ్రుగొండ. పేరు మెహర్. మా ఇళ్ళలో ఉర్దూ నిఖా రోజున, పండుగ రోజున. ఏడుపూ తిట్టూ అంతా తెలుగులోనే. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయింది. నవలలు చదివే అలవాటు మాత్రం మానలేదు. రాయడం ఎప్పుడు మొదలైందో చెప్పగలను కానీ ఎందుకు మొదలైందో చెప్పడానికి చాలా రోజులు తడబడ్డాను. ఇప్పుడు తడబాటు లేదు. నాతో ఎవరూ మాట్లాడని ఇంట్లో నాతో మంచిగా మాట్లాడే మనిషి ఒకడు కావలసి వచ్చాడు. తయారుచేసుకున్నాను.

పాఠకులు యాప్‌లో రాసి అడుగుతుంటారు, "మేడం, మీ హీరో రామ్‌చందర్ ఎవరు? నిజంగా ఉన్నాడా?" అని. ఉన్నాడు, ముక్కలు ముక్కలుగా. చర్ల బస్సు కండక్టర్, దేవ్లా అనే అతను, ఒకసారి చంటిపిల్ల తల్లి ఎక్కితే విజిల్ వేయకుండా ఆమె కూర్చుని కొంగు సర్దుకునేదాకా ఆగాడు. బస్సులో జనం "జల్దీ పోనీవయ్యా" అని అరుస్తుంటే టికెట్ల మిషను పాడైనట్టు దాన్ని తిప్పుతూ నిలబడ్డాడు. ఆ నటన మొత్తం రామ్‌చందర్‌కి ఇచ్చేశాను. గోదావరి రేవు దగ్గర టీ కొట్టాయన తన స్టూలు నీడలోకి జరిపి నన్ను కూర్చోమని, తను ఎండలో నిలబడ్డాడు. అదీ ఇచ్చాను. దవాఖానాలో పనిచేసే పగిడయ్య గురించి తర్వాత చెబుతాను. మొత్తం పదకొండు మంది మగవాళ్ళు కలిస్తే నా హీరో అయ్యాడు. వాళ్ళలో ఒక్కరు కూడా నాతో ఐదు నిమిషాలకు మించి మాట్లాడలేదు. ఐదు నిమిషాల మంచితనాన్ని సాగదీసి నలభై అధ్యాయాలు చేయడమే నా విద్య.

విలన్ మాత్రం పొరపాటున పుట్టాడు.

ఆరో భాగం చెబుతున్నాను. ఒక లంగావోణీకి హెమ్మింగ్ నడుస్తోంది. రామ్‌చందర్ అడవి దారిలో కథానాయిక చేతిలో ముల్లు తీస్తూ "నొప్పి పెడితే చెప్పు, ఆగుతాను" అంటున్నాడు. అప్పుడే ఆసిఫ్ అన్నానికి వచ్చాడు. కంచం ముందు కూర్చుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కూసోని తినేదానికి పప్పుల ఉప్పెయ్యాలన్న సోయి గూడ ఉండదా?" అన్నాడు. నేను లేచి ఉప్పు తెచ్చాను. ఫోన్ తన పని తను చేసుకుపోయింది. ఆ శుక్రవారం ఇంటినిండా చుట్టాలు. సరిచూసుకునే తీరిక లేక అలాగే పెట్టేశాను.

సాయంత్రానికి మూడు వందల మంది రాశారు. "ఉప్పు మాట అన్నదెవరు? ఆమెకు పెళ్ళయిందా? భర్తా వాడు?" సత్తుపల్లి నుంచి ఒకావిడ, "మా ఇంట్ల మాట మీకెట్ల తెలిసింది మేడం" అని రాసింది. అప్పటిదాకా నా కథానాయికకు భర్తే లేడు. ఏడో భాగంలో కల్పించక తప్పలేదు. జయప్రకాశ్ అని పేరు పెట్టాను. మాటలు నేను కల్పించలేదు. ఆసిఫ్ ఇంటికి వచ్చే వేళకి మైకు గుర్తు నొక్కి ఉంచడం మొదలుపెట్టాను.

జ్వరమంటే, "పని జెయ్యి, చెమట పట్టి అదే పోతది." పుట్టింటికి పోతానంటే, "ఎవరున్నరక్కడ నీకు పల్లకి పట్టేటోళ్ళు?" ఎవరి ముందైనా నోరు విప్పితే, "దాని మాటకేం గాని, మీరు చెప్పుండ్రి." ఒక్కొక్కటీ ఒక్కో శుక్రవారం. ఇదివరకు ఇలాంటి మాట పడితే ఆ రోజంతా నా కుట్లు వంకర పోయేవి. ఇప్పుడు లోపల ఒక మనిషి కూర్చుని, బాగుంది, ఇది పదిహేడో భాగంలో పనికొస్తుంది అని తీసి పక్కన పెట్టుకుంటుంది. కొన్నిసార్లు ఆయన మౌనంగా తిని వెళ్ళిపోతే నాకే వెలితిగా ఉండేది. అది మంచి సంగతేనా అని నన్ను నేను అడగలేదు.

ఇరవైమూడో భాగం ఒక్కటి ఫోన్ రాసింది కాదు. అది నాకు కంఠతా వచ్చు. రాయడం ఇంకా మొదలుపెట్టని రోజుల్లో, ఆరో నెలలో కడుపు పోయి దవాఖానాలో పడుకుని ఉన్నాను. గుమ్మంలో నిలబడి ఆసిఫ్ అన్నాడు, "దసరా గిరాకీ మీదున్నది. ఇప్పుడే కావాల్నా నీకు ఇది?" మర్నాడు అత్తమ్మ చేత హుక్కుల సంచి పంపాడు. మంచం మీద కుట్టాను. వార్డులో ఊడ్చే పగిడయ్య నన్ను చూశాడు. చీపురు గోడకి ఆనించి, స్టాండు ఫ్యాను నా వైపు తిప్పి, బట్ట ఎగిరి కుట్టు చెదురుతోందని గమనించి, మళ్ళీ కొంచెం పక్కకి తిప్పి వెళ్ళిపోయాడు. ఆ రెండోసారి తిప్పడం ఉంది చూశారూ, దాని కోసమే నేను రచయిత్రినయ్యానని అనుకుంటాను. ఆ భాగానికి పదకొండు వందల మంది రాశారు. ఒక్కరు కూడా "పాపం జయప్రకాశ్ ఏ ఒత్తిడిలో ఉన్నాడో" అనలేదు.

మా అత్తమ్మ మహబూబీకి కంట్లో శుక్లాలు. చదవలేదు, వింటుంది. శుక్రవారం మధ్యాహ్నం యాప్ చదివి వినిపించేలా పెట్టి ఫోన్ ఆమె ఒళ్ళో పెడతాను. జయప్రకాశ్ నోరు తెరిస్తే చాలు, "వీని నోట్ల మన్ను వడ" అని మొదలుపెడుతుంది. పక్కగదిలో ఆసిఫ్ పడుకుని ఉన్నా ఆగదు. "అమ్మీ, కతకు గింత లొల్లేంది?" అంటాడు ఆయన. నేను తలవంచుకుని కాజాలు కుట్టుకుంటాను. ఆ పది నిమిషాలూ నాకు వారం మొత్తానికి సరిపోయే భోజనం.

నవల పూర్తయ్యాక ఖమ్మం నుంచి చెంచురామయ్య గారు ఫోన్ చేశారు. పుస్తకాలు అచ్చువేసే పెద్దాయన. అసలు పేరుతో, ఫొటోతో వేద్దామన్నారు. అప్పుడు ఇంట్లో చెప్పక తప్పలేదు. ఆసిఫ్ మొదట, "కతలు రాస్కుంట కూసుంటే కాజాలు ఎవరు కుడ్తరు?" అన్నాడు. రెండు రోజుల తర్వాత షాపులో ఇదే విసుగు వెళ్ళగక్కుతుంటే విన్న ఒక టీచరమ్మ, "మనోజ్ఞ మీ ఆవిడా! చర్ల బస్సుల మా స్టాఫ్ అంతా వింటం మాస్టర్" అని రెండు చేతులూ జోడించిందట. ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో కథ మారింది. "నేనే రాయించిన. ఐడియాలన్ని నావే" అని గిరాకీలకి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాట నాతో చెప్పినావిడకి నేను "అవ్, నిజమే" అన్నాను.

పుస్తకం ఆవిష్కరణ సభకి ఫంక్షన్ హాల్ మాట్లాడాడు. ఫ్లెక్సీ చేయించాడు. అందులో నా ఫొటో స్టాంపంత, ఆయనది తలుపంత. చెంచురామయ్య గారు ఫోన్‌లో అన్నారు, "అమ్మా, ముందు పేజీ ఒకటి మిగిలింది. 'నా మాట' రాసి పంపండి. ఆడవాళ్ళ పుస్తకాల్లో ఆ పేజీ శ్రీవారికి కృతజ్ఞతలతో ముగించడం ఆనవాయితీ. చదివేవాళ్ళకి నిండుగా ఉంటుంది." స్పీకర్లో వింటున్న ఆసిఫ్ ఫోన్ లాక్కుని, "ముగించుడు గాదు సార్, పేజీ మొత్తం నాదే పెట్టుండ్రి. సభల నేనే చదువుత" అన్నాడు.

మూడు రోజులు ఆ పేజీ ముందు కూర్చున్నాను. 'నా ప్రతి అడుగులో వెన్నంటి' అని రాసి కొట్టేశాను. 'మావారి ప్రోత్సాహమే లేకుంటే' అని రాసి కొట్టేశాను. నా దగ్గరున్న మంచి పుస్తకాలన్నీ తీసి చూశాను. ప్రతి రచయిత్రీ ఆ పేజీలో భర్తకి దండం పెట్టింది. వాళ్ళలో ఎంతమంది నిజంగా పెట్టారో, ఎంతమంది ఉప్పు అందించి వచ్చి పెట్టారో ఎవరికి తెలుసు. ఇరవైమూడో భాగానికి రాసిన పదకొండు వందల మందీ ఈ పేజీ చదువుతారు. నేను దండం పెడితే, మనోజ్ఞకి మంచి మొగుడు దొరికాడు కాబట్టి రాసుకుంది అని పుస్తకం మూసేస్తారు. నిజం రాస్తే ఈ ఇంట్లో నా చాప ఎక్కడ పరుచుకోవాలో తెలియదు. అంతకు మించి, అత్తమ్మ ఆ సభలో మొదటి వరసలో కూర్చుంటుంది. కొడుకు పేరు అట్లా వింటే ఆ ముసలి ప్రాణం ఏమవుతుంది?

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని కందులు చెరుగుతున్నాను.

"మెహరూ," అంది. "గా జయప్రకాశ్‌గాడు ఎవడో నాకు తెల్వదనుకున్నవా?"

చేట ఆగిపోయింది.

"పొద్దుగాల వాడన్న మాట వంటింట్ల వింట. అదే మాట శుక్రారం ఫోన్ల వింట. కన్నదాన్ని. పేరు మారిస్తే నా కొడుకు మాట నేను గుర్తుపట్టనా?"

"మరి అన్ని తిట్లు తిట్టినవ్ గద అత్తమ్మా!"

"తెలిసే తిట్టిన. వాని మొహం మీద తిడితే కూడు పెట్టడేమోనని నీ ఫోన్‌ను తిట్టిన." నవ్వబోయి దగ్గింది. నీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు నా చేతికి ఇవ్వకుండా పట్టుకునే కూర్చుంది. "ఆనాడు దవాఖానాకు నీ హుక్కుల సంచి మోసుకొచ్చింది నేనే. తేనంటె అయిపోయేది. తెచ్చిన. వాళ్ళబ్బ గూడ గిట్లనే ఉంటుండె. నాకు నలుగురు పొయ్యిండ్రు కడుపుల, ఒక్కదానికన్న మంచం మీద పండుకోనియ్యలె. నా సంగతి రాసేటోళ్ళు లేకపోయిరి."

ఆమె చేతిలోంచి గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"పుస్తకంల ఆఖరుకు వాణ్ని మాఫ్ చేసినవా?"

"లేదు."

"మంచి పని చేసినవ్."

"అత్తమ్మా, నేను ఆ పేజీల ఉన్నదున్నట్టు రాస్తే ఇంట్ల ఉండనియ్యడు."

"ఉండనియ్యకపోతే పోదాం పా. ఇద్దరం కిరాయికుందాం. నువ్వు పోతే నాకు శుక్రారం నాడు ఫోన్ పెట్టేదెవరే?"

ఆ రోజు కుట్టుపని ముట్టుకోలేదు. చాలా ఏళ్ళ తర్వాత కాగితం మీద, పెన్నుతో రాశాను.

'ఈ నవలలో కథ నాది. జయప్రకాశ్ మాట్లాడిన ప్రతి మాటా నా భర్త ఆసిఫ్ గారిది. ఇవి ఆయన పధ్నాలుగేళ్ళలో మా ఇంట్లో నాతో అన్న మాటలు. ఒక్కటి కూడా నేను కల్పించలేదు. ఇన్నాళ్ళూ వాటి మీద నా పేరు ఉండటం న్యాయం కాదు కనుక ఈ పేజీలో ఆయన మాటలు ఆయనకే అప్పగిస్తున్నాను.'

కింద ఒకదాని తర్వాత ఒకటి ఆ మాటలన్నీ రాశాను. ఉప్పు దగ్గర మొదలుపెట్టి దసరా గిరాకీ దాకా. పేజీ నిండింది.

సాయంత్రం ఆసిఫ్ కొత్త చొక్కా వేసుకుని చూసుకుంటూ వచ్చాడు. సభ కోసం కుట్టుకున్నాడు.

"అయిందా నా పేజీ? నా గురించి బాగ రాసినవా?"

"మీ మాటలే రాసిన. నా మాట కలపలే."

"గట్లుండాలె." అద్దంలో కాలరు సర్దుకున్నాడు. నిజం చెప్పాలి, ఆ క్షణం నాకు కొంచెం జాలి వేసింది. మనిషికి ఒక్క అవకాశం ఇవ్వాలి కదా. కాగితం ఆయన వైపు చాపాను. "ఒక్కసారి చదువుండ్రి. పంపకముందు. నలుగుర్ల చదివేది మీరే గద."

ఆయన దాని వైపు చూడను కూడా లేదు.

"నువ్వు రాసినదాంట్ల ఏముంటది నేను చూసేతందుకు? పంపియ్యి."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి బయటికి వెళ్ళాడు. నేను కాగితం మళ్ళీ ముందుకు లాక్కున్నాను. అడుగున ఇంకొక్క వరసకి చోటుంది. ఆ మాట కూడా రాశాను.